దంతసాక్ష్యము

యాదగిరిగుట్టపై వెలసిన శ్రీలక్ష్మీనరసింహస్వామివారిని మన ప్రజలు వైద్యనృసింహుడని కొలుచుచుందురు. దీర్ఘరోగపీడితులు మండలకాలము కొండను ఆశ్రయించి స్వామిని సేవించుటయు, స్వామియే స్వప్నమున వచ్చి చికిత్స చేసిపోవునని విశ్వసించుటయు తరతరములుగా వచ్చుచున్న ఆచారము. భక్తుల విశ్వాసమును గుఱించి వాదించుట మా ఉద్దేశము కాదు. కాని, ఆ కొండకు మునుగోడు, చండూరు, నాంపల్లి, మర్రిగూడ ప్రాంతములనుండి వచ్చు యాత్రికుల నోళ్లను పరికించినవారికి, దేవునికంటె ముందుగా ప్రభుత్వమునకు విన్నవించుకొనవలసిన వ్యాధి యొకటి కానవచ్చును. పలువరుసపై సుద్దవంటి తెల్లని మచ్చలు, పసుపుచారలు. వ్యాధి ముదిరినచోట గోధుమవన్నె గార, గుంటలు. ఉప్పుతో రుద్దినను, బొగ్గుతో రుద్దినను, వేపపుల్ల అరుగునట్లు తోమినను ఆ గార పోదు. ఏలన, అది పంటిపై పట్టిన మురికి కాదు. పన్ను పుట్టకమునుపే పంటిలో కలిసిపోయిన నీటిదోషము.

ఇప్పుడు దంతముల చిత్రములను, దవడల చిత్రములను పరీక్షించి రోగమును గుఱుతింపగల కంప్యూటరు విద్య లోకమున ప్రబలుచున్నది. నగరములలోని దంతవైద్యశాలలు కొన్ని దీనిని ప్రకటనలలో చాటుకొనుచున్నవి. పన్ను తెల్లబఱచుకొనుటకును, వంకర సరిచేయించుకొనుటకును వచ్చువారికి ఈ విద్య మిక్కిలి ఉపకరించునట. సంతోషమే. కాని ఈ విద్య మన దేశమున మొదట ఎవరికి ఊడిగము చేయవలయును? మొదట నల్లగొండ బిడ్డలకు చేయవలయుననియు, అట్లు చేయుటకు అది మొదట నల్లగొండ పన్ను ఎట్టిదో నేర్చుకొనవలయుననియు మా దృఢాభిప్రాయము.

వ్యాధి చరిత్రమును సంగ్రహముగా చెప్పెదము. అమెరికాలోని కొలరాడో ప్రాంతమున ప్రజల పండ్లకు గోధుమగార పట్టియుండుటను మెక్కే అను దంతవైద్యుడు 1901లో గమనించెను. దానికి కారణము నీటిలోని ఫ్లోరైడు అని తేలుటకు 1931వ సంవత్సరము వఱకు పట్టినది. మన దేశమున 1937లో, నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు షార్టు మొదలగు వైద్యులు ఫ్లోరైడు వ్యాధిని వర్ణించిరి. నల్లగొండ జిల్లాలోని వ్యాధినిగూర్చి సిద్దిఖీ అను వైద్యుడు 1955లో బ్రిటిషు మెడికల్ జర్నల్‌లో ప్రకటించెను. పల్లెవాసులకు మాత్రము ఈ శాస్త్రము రాకమునుపే ఆ నీటి గుణము తెలియును. వంగిన నడుములు, బిగిసిన మెడలు, దొడ్డికాళ్ల పిల్లలు, నవ్వవలసివచ్చినపుడు కొంగుతో నోరు కప్పుకొను కన్యలు—ఇవి వారి పాఠ్యపుస్తకములు.

మన మెట్టభూములక్రింది నల్లరాతిలో ఫ్లోరైడు గల ఖనిజములున్నవి. నీరు ఆ రాతి నెఱ్ఱెలలో ఎంతకాలము నిలిచిన అంత ఫ్లోరైడును కరగించుకొనును. చెఱువులు పూడిపోవుటకు విడిచి, బోరుబావులను నానాటికి లోతునకు దింపిన కొలది మనము ఆ నీటినే పైకి తోడుకొంటిమి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమము. 1 మిల్లీగ్రాము దాటకుండుట మేలని భారతీయ ప్రమాణము. ఈ జిల్లాలో పెక్కు బావులు ఈ హద్దులను ఎన్నడో దాటినవి.

మన ప్రాచీనులు నోటిని అలక్ష్యము చేసినవారు కారు. సుశ్రుతుడు ముఖరోగములను 65గా లెక్కించి, పెదవులు, చిగుళ్లు, దంతములు, నాలుక, దవుడ, కంఠము మొదలుగా ఏడు స్థానములయందు వానిని విభజించెను. రోగిపరీక్షకు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడు మార్గములను ఆయుర్వేదము విధించినది. కనులతో చూచుట, చేతితో తాకుట, నోటితో అడుగుట. నేటి కంప్యూటరు విద్యను తూచుటకు ఈ మూడింటికంటె మంచి త్రాసు మాకు కానరాదు. ఆ యంత్రమునకు మొదటిదానిలో ఆశ్చర్యకరమగు నైపుణ్యము కలదు. తక్కిన రెండు దానికి లేవు.

అది చూచు విధమెట్టిది? రాంట్‌జెను అను జర్మను పండితుడు 1895 నవంబరులో ఎక్సురే కిరణములను కనుగొనెను. మఱి కొలది వారములకే, 1896 జనవరిలో, వాల్కాఫ్ అను దంతవైద్యుడు తన దంతములకే చిత్రము తీయించుకొనెను. ఆ ఒక్క చిత్రమునకు 25 నిమిషములు కదలక ఉండవలసివచ్చెనట. నేడు కొన్ని క్షణములలో యంత్రము తలచుట్టు తిరిగి, రెండు దవడలను, సమస్త దంతములను, చెవికడనున్న దవడ కీలులను ఒక్క పటమున చూపుచున్నది. ఆ పటము కంప్యూటరు దృష్టిలో బొమ్మ కాదు. లక్షలకొలది చిన్న గడుల పట్టిక. ప్రతి గడిలోను ఒక అంకె యుండును. సామాన్యముగా కటికనలుపునకు 0, తెల్లదనమునకు 255. గట్టియగు పింగాణిపొర తెల్లగా తోచును. పుప్పి తొలిచినచోట, తిత్తి పెరిగినచోట, ఎముక కరగినచోట నలుపు కానవచ్చును.

పూర్వము గణితజ్ఞులు, ఇంత నలుపైన పుప్పి, ఇట్టి గీతయైన విరుగుడు అని సూత్రములు తామే వ్రాసి యంత్రమునకు ఇచ్చెడివారు. ఇప్పటి పద్ధతి వేఱు. వేలకొలది పటములపై అనుభవజ్ఞులగు వైద్యులు గుఱుతులు పెట్టుదురు: ఇది పుప్పి, ఇది తిత్తి, ఇది ఆరోగ్యము. ఆ గుఱుతులు గల పటములను మరల మరల చూపగా, ఏ అంకెల అమరిక ఏ రోగమునకు చిహ్నమో యంత్రమే పోల్చుకొనును. పల్లెలో పసిబాలుడు శాస్త్రము చదువకయే జొన్నచేనిని సజ్జచేనిని వేఱుపఱచుట నేర్చుకొనునుగదా! ఇదియు అట్టిదే. అయితే ఆ బాలునికి జొన్నయు సజ్జయు తప్ప మఱొకటి చూపకున్నచో, అతడు కొఱ్ఱచేనిని చూచికూడ ఈ రెంటిలో ఒకటిగానే చెప్పును. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక.

ఈ పద్ధతివలన కలిగిన ఫలితములను తక్కువచేయుట న్యాయము కాదు. రెండు పండ్ల నడుమ కంటికి తప్పించుకొను పుప్పిని యంత్రము పట్టుకొనుచున్నది. చిగురువ్యాధివలన పంటిచుట్టు ఎముక ఎంత దిగజాఱినదో కొలచి చెప్పుచున్నది. జ్ఞానదంతము క్రింది దవడలోని నరమునకు ఎంత దగ్గఱనున్నదో చూపి, పన్ను తీయు వైద్యుని హెచ్చరించుచున్నది. తలపటముపై వైద్యులు గంటలతరబడి గుఱుతించు స్థానములను క్షణములో గుఱుతించుచున్నది. అమెరికా ప్రభుత్వపు ఔషధాధికారశాఖ 2021లో ఓవర్‌జెట్ అను సంస్థ యంత్రవిద్యకును, 2022లో పెర్ల్ అను సంస్థ యంత్రవిద్యకును దంతచిత్రములను పరీక్షించుటలో వైద్యునికి తోడ్పడుటకై అనుమతి నొసంగినది. తోడ్పడుటకే సుమా, వైద్యుని స్థానమున కూర్చుండుటకు కాదు.

దవడవిషయమునను ఈ విద్యకు మన దేశమున పని చాల కలదు. వక్క, గుట్కా, జర్దా నమలుటచే బుగ్గలలోపలి పొర తాడువలె బిగిసి, నోరు రెండువ్రేళ్లయినను దూరనంత మూసికొనిపోవు వ్యాధి యువకులను పట్టుచున్నది. అది కొందఱిలో పుట్టకురుపునకు దారితీయును. అంతర్జాతీయ గణనప్రకారము ఒక్క 2022లోనే మన దేశమున పెదవి, నోటి పుట్టకురుపులు సుమారు 1 లక్ష 43 వేలమందికి క్రొత్తగా కనబడినవి. తొలిదశలో పట్టుకొన్నచో బ్రతుకదగినవారు, పట్టణమునకు వచ్చునప్పటికి ఆలస్యమై మరణించుచున్నారు. ఆరోగ్యకార్యకర్త చేతి సెల్‌ఫోనుతో తీసిన నోటి ఛాయాచిత్రమును పరీక్షించి, “ఇతనిని వెంటనే వైద్యునికడకు పంపుడు” అని చెప్పగల సాధనము పల్లెలకు వరమే యగును.

ఇక దోషములు చూతము. మొదటిది లెక్కకు సంబంధించినది. ఊహకొఱకు ఒక గ్రామమున 1000 మంది ఉన్నారనియు, అందు 10 మందికి ప్రమాదకరమైన వ్యాధి కలదనియు అనుకొందము. యంత్రము రోగులు పదుగురిలో తొమ్మండుగురిని పట్టుకొనును. ఆరోగ్యవంతులలో నూటికి పదిమందిని పొరపాటున రోగులనును. వినుటకు మంచి యంత్రమే. కాని లెక్కింపుడు: నిజమైన రోగులు 9 మంది పట్టుబడిరి, రోగము లేని 990 మందిలో 99 మందియు పట్టుబడిరి. యంత్రము వేలుచూపిన 108 మందిలో 99 మంది నిరపరాధులు; అసలైన రోగి యొకడు ఇంటికడ నిశ్చింతగా మిగిలినాడు. కావున, “నూటికి తొంబది పాళ్లు సరి” అను ప్రకటన చూచి మురిసిపోరాదు. పట్టుబడినవారిని తాకి, అడిగి తేల్చు వైద్యుడు వెనుక లేనిచో ఆ యంత్రము గ్రామమునకు భయమునే పంచును.

రెండవది, పటములో లేనిదానిని యంత్రము చూడజాలదు. పంటిలోని ఖనిజము సుమారు 30 నుండి 40 పాళ్లు తఱిగినగాని ఎక్సురే పటమున మచ్చ స్పష్టముగా తోచదు. అంతకు లోపలి జబ్బు కనుమాటుననే యుండును. నొప్పి ఎప్పుడు కలుగునో, చలిమందో వేడిమందో, గుట్కా నమలునో లేదో, ఏ బావినీరు త్రాగునో పటము చెప్పదు.

మూడవది మాకు ముఖ్యమైనది. యంత్రము చూచిన పండ్లనుబట్టి నేర్చుకొనును. ఏ దేశమువారి పటములు చూపిరో ఆ దేశపు పన్ను దానికి ప్రమాణమగును. ఫ్లోరైడు అధికముగాలేని నీరు త్రాగువారి దంతములు మాత్రమే చూచిన యంత్రము నల్లగొండ బిడ్డ నోటిలోనికి తొంగిచూచినచో ఏమనును? గోధుమగారను పుప్పి యనవచ్చును. పింగాణిపై ఏర్పడిన గుంటను తొలుపు అనవచ్చును. దానిని నమ్మి తొందరపడిన వైద్యుడు తొలువరాని పన్నును తొలుచును. లేదా, గార మాటున దాగిన నిజమైన పుప్పిని యంత్రము విడిచిపెట్టవచ్చును. జొన్నను, సజ్జను మాత్రమే ఎఱిగిన బాలునికి కొఱ్ఱచేను చూపినట్లే యగునుగదా! ఇందు యంత్రముయొక్క ద్రోహమేమియు లేదు. దానికి మన బిడ్డలను పరిచయము చేయని మన అలక్ష్యమే దోషము.

ఇక్కడ స్వదేశీభావము కలవారు ఒక విషయము ఆలోచింపవలయును. మన పొలముల పత్తి తక్కువధరకు ఓడలెక్కి సీమకు పోయి, బట్టయై మరల మనకే ఎక్కువధరకు వచ్చిన కథ మన తాతలకు తెలియును. నేటి పత్తి మన పటములు. మన వైద్యశాలలలో తీసిన దంతచిత్రములు వ్రాతపూర్వకమగు షరతు లేకుండ పరహస్తములకు చేరి, అచ్చట యంత్రవిద్యగా వడకబడి, సంవత్సరచందాపై మన వైద్యులకే అమ్మబడినచో, నాటి మాంచెస్టరునకు నేటి దానికి భేదమేమి? విదేశయంత్రమును బహిష్కరింపుడని మేము చెప్పుట లేదు. విద్య ఎచ్చటనుండి వచ్చినను గ్రహింపదగినదే. కాని మన దంతముల పాఠము మన ఇంట ఉండవలయును. దానిని తనిఖీచేయు హక్కు మన ప్రజలకు ఉండవలయును.

దీనికి కావలసిన సాధనసంపత్తి లేదందురా? నార్కట్‌పల్లిలో కామినేని దంతవైద్యకళాశాల కలదు. మహబూబునగరమున ఎస్.వి.ఎస్. దంతవైద్యకళాశాల కలదు. హైదరాబాదున ప్రభుత్వ దంతవైద్యకళాశాల కలదు. యాదగిరిగుట్టకు సమీపమున బీబీనగరమందు అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ 2019నుండి విద్యార్థులకు బోధించుచున్నది. గణితమునకును యంత్రవిద్యకును హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. వంటి సంస్థలున్నవి. దంతవైద్యుడు గుఱుతుపెట్టుటకు, గణితజ్ఞుడు యంత్రమునకు నేర్పుటకు, ప్రభుత్వము వ్యయము భరించి ఆ ఫలమును సర్వజనసొత్తుగా ఉంచుటకు పూనుకొన్నచో, గారపళ్లను గారపళ్లుగా గుఱుతింపగల యంత్రము ఈ గడ్డపైననే సిద్ధము కాగలదు. లోకమున ఫ్లోరైడు నీరు త్రాగు ఇతర ప్రాంతములకును మనము దానిని ఇయ్యవచ్చును. పటికతోను సున్నముతోను నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపురములోని జాతీయ పరిశోధనసంస్థ 1970 దశకమున రూపొందించినప్పుడు, దానికి నల్లగొండ పద్ధతి యను పేరే లోకమున నిలిచినది. మన వ్యాధిపేరుతో ఒక నివారణోపాయము ప్రసిద్ధి చెందగా, రెండవది ఏల చెందరాదు?

ఇక మా ప్రధాన విషయమునకు వచ్చెదము. 2015లో చౌటుప్పలున స్మారకస్తంభము నెత్తి, 2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేలు ప్రాంతమందలి కోమటిబండవద్ద ప్రారంభించి, మిషన్ భగీరథ యను పేర నదీజలములను ఇంటింటికి తెచ్చు పథకమును తెలంగాణ ప్రభుత్వము నడపినది. 2020లో కేంద్రప్రభుత్వము, తెలంగాణమున ఫ్లోరైడు బాధితగ్రామము ఒక్కటియు మిగులలేదని తెలిపినది. పురాణభగీరథుడు చనిపోయిన పూర్వుల భస్మమునకై గంగను తెచ్చెను. ఈ భగీరథము పుట్టబోవు బిడ్డల ఎముకలకై కృష్ణాగోదావరులను తెచ్చుచున్నది. సంకల్పము గొప్పది. కొళాయి వచ్చినమాట వాస్తవము. కాని కొళాయి వచ్చిన ఇంటిలోని బిడ్డ ఆ నీటినే త్రాగుచున్నాడా? పైపు పగిలిన దినములలో ఏ నీరు త్రాగినాడు? పొలమునకు తల్లివెంట పోయినపుడు ఏ బోరునీరు త్రాగినాడు? ఈ ప్రశ్నలకు కాగితములు ప్రత్యుత్తర మీయజాలవు. పార్టీలు తమతమ ఇచ్చవచ్చినట్లు చెప్పగలవు. అబద్ధమాడని సాక్షి యొకడే కలడు. వాడు ఆ బిడ్డ ముందుపన్ను.

ఎట్లనగా: శాశ్వతములగు ముందుపండ్ల పింగాణి, బిడ్డ పుట్టిన మూడు నాలుగు నెలలకు మొదలిడి, నాలుగైదేండ్ల వయస్సు వఱకు దవడలోపల తయారగును. ఆ కాలమున త్రాగిన నీటిలో ఫ్లోరైడు అధికమైనచో ఆ మచ్చ పంటిలో ముద్రవలె పడును. ఏడెనిమిదేండ్లకు ఆ పన్ను బయటికి వచ్చి, గడచిన సంవత్సరముల నీటిచరిత్రమును చదువనేర్చినవారికి చదివి వినిపించును. ఒకసారి ఏర్పడిన తరువాత నీరు మాఱినను ఆ వ్రాత మాఱదు. 2018లో పుట్టిన బిడ్డకు 2026లో ఎనిమిదేండ్లు నిండును. భగీరథజలము నిజముగా ఆ బిడ్డ కడుపునకు చేరియున్నచో అతని ముందుపన్ను తెల్లగా, నునుపుగా వచ్చియుండును. 2008లో పుట్టిన వాని అన్న పంటికిని వాని పంటికిని గల భేదమే పథకమునకు యోగ్యతాపత్రము. భేదము లేనిచో అదియే అభియోగపత్రము.

ఈ సాక్ష్యమును సేకరించుటకు యంత్రనేత్రము మిక్కిలి తగినది. గారపళ్ల తీవ్రతను కొలుచుటకు అమెరికా వైద్యుడు డీన్ 1934లో ఒక కొలబద్దను ఏర్పఱచి 1942లో సవరించెను. ఆరోగ్యము, సందేహము, అత్యల్పము, అల్పము, మధ్యమము, తీవ్రము అని అందు ఆఱు తరగతులు. కాని దానిని కంటితో చూచి నిర్ణయింపవలయును. ఒక వైద్యుడు అత్యల్పమన్నదానిని మఱొకడు సందేహమనును. ఉదయము ఒకటి చెప్పినవాడే అలసిన సాయంకాలము వేఱొకటి చెప్పును. వేయి గ్రామములలో, పది సంవత్సరముల దూరమున, అనేకులు చూచిన చూపులను పోల్చుట కష్టము. యంత్రము అలయదు, నల్లగొండలోను యాదాద్రి భువనగిరిలోను ఒక్కటే కొలతతో కొలుచును. ఒకే వెలుతురు, ఒకే దూరము, ప్రక్కన ఒక రంగుల చీటి, పన్ను తుడిచి ఆరబెట్టి తీసిన చిత్రము—ఈ నియమములను పాటించినచో చాలును. తడిపంటిపై మచ్చ దాగును గావున ఆరబెట్టుట అవశ్యము. ఎక్సురే అక్కఱలేదు. గార కంటికి కానవచ్చునదే గావున, లెక్కకొఱకు పిల్లలకు కిరణములు తగిలించుట పాపము; ఛాయాచిత్రమే చాలును.

క్రొత్త శాఖ నొకదానిని సృష్టింపవలసిన పని లేదు. 2013లో దేశమంతట ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమముక్రింద వైద్యబృందములు పాఠశాలలకు ఏటేట వెళ్లి బిడ్డలను పరీక్షింపవలసియే యున్నది. ఫ్లోరోసిస్ నివారణకై జాతీయ కార్యక్రమము 2008-09నుండియే కలదు. ఆ బృందమువారు మూడవతరగతి బిడ్డల ముందుపండ్ల చిత్రమును ఏటేట తీయుదురుగాక. యంత్రము తరగతి నిర్ణయించునుగాక. అందు కొన్ని చిత్రములను దంతవైద్యులు యంత్రపు తీర్పు చూడకయే పరీక్షించి సరిపోల్చుదురుగాక. గ్రామమువారీగా ఫలితమును పంచాయతీ గోడపై వ్రాయుదురుగాక. ఏ గ్రామమున గార మరల కనబడునో ఆ గ్రామపు కొళాయిని, బోరును మఱునాడే పరీక్షించుదురుగాక. గారను లెక్కించి ఊరకుండుట మా కోరిక కాదు. లెక్క నీటివద్దకు నడవవలయును.

ఆక్షేపణలు కలవు. యంత్రము వచ్చినచో దంతవైద్యులకు బ్రతుకు పోవునని కొందఱు భయపడుచున్నారు. పల్లెలలో దంతవైద్యుడే లేనపుడు పోవు బ్రతుకేమి? యంత్రము పల్లెనుండి రోగిని పంపును. స్పర్శనము, ప్రశ్నము, చికిత్స వైద్యునివే. ఏ యంత్రపు తీర్పునకైనను వైద్యుని చేవ్రాలు ఉండితీరవలయును. తప్పు జరిగినపుడు “యంత్రము చెప్పినది” అనుట సమాధానము కారాదు. బిడ్డల చిత్రములు దుర్వినియోగమగునేమో యని తల్లిదండ్రులు జంకుట సహజమే. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణచట్టము బిడ్డల విషయమున తల్లిదండ్రుల అనుమతిని విధించినది. ముఖము రాకుండ పండ్లు మాత్రమే తీయవచ్చును. పేరునకు మాఱుగా సంఖ్య నుంచవచ్చును. వివాహసంబంధములలో గారపళ్లు అడ్డువచ్చుచున్న ఈ గడ్డపై, ఆడబిడ్డ పంటిచిత్రము పేరుతో బయటపడరాదను విషయమున ఎంత కాఠిన్యమైనను అధికము కాదు.

మఱి కొందఱు, ఫ్లోరైడు కథ ముగిసినదిగదా, మరల త్రవ్వనేల యందురు. ముగిసినచో సాక్ష్యము వారికే అనుకూలముగా వచ్చును, భయమేల? ముగియనిచో తెలిసికొనుట ఆలస్యమైన ప్రతి సంవత్సరమును మఱొక తరగతి బిడ్డల పండ్లపై చెరగని వ్రాత యగును. పెద్దల ఎముకలలోనికి దిగిన వ్యాధిని మనము వెనుకకు త్రిప్పజాలము. వారికి పింఛను, ఊతకఱ్ఱ, శుభ్రజలము ఇయ్యవలసిన ఋణము ప్రభుత్వమునకు మిగిలియే యున్నది. యంత్రము కొనుటచే ఆ ఋణము తీరదు.

భూవసతి గలవారికిని, పట్టణవాసులకును తుదిగా ఒక మాట. మీ పొలములోని బోరునీటిని పరీక్ష చేయించుడు. మీ కూలీలును వారి పసిబిడ్డలును దానినే త్రాగుచుందురు. ఫ్లోరైడు అధికమని తేలినచో పనివేళల మంచినీటి బిందె పొలమునకు పంపుట మీ ధర్మము. మీ పట్టణపు దంతవైద్యశాలలో యంత్రము మీ పంటికి పుప్పి యని వేలుచూపినపుడు, అది ఎవరి పండ్లు చూచి నేర్చినదో, తన చేవ్రాలు పెట్టు వైద్యుడెవ్వరో అడుగుడు. మీ గ్రామసభలో మూడవతరగతి బిడ్డల దంతపరీక్షకై తీర్మానము చేయింపుడు. శాసనసభ్యులు ఓట్లకు వచ్చినపుడు తారురోడ్డుతోపాటు ఈ దంతపట్టికయు ఏదని ప్రశ్నింపుడు.

లోకమున ఏ విద్యయైనను మొదట ధనవంతుని ద్వారమున నిలుచుట అలవాటు. దానిని చేయిపట్టి పేదవాని గుడిసెకు నడిపించుట ప్రజాప్రభుత్వముల పని. దంతవిషయమున ఆ గుడిసె ఎక్కడనున్నదో వెదకనక్కఱలేదు, నల్లగొండలో కలదు. మన ప్రభుత్వమును, మన విద్యాసంస్థలును ఈ కార్యమునకు రానున్న విద్యాసంవత్సరముననే పూనుకొని, బిడ్డల పలువరుసలు చెప్పు సాక్ష్యమును నిర్భయముగా వినగలరని ఆశించుచున్నాము.